కేసు రాయకుండా చోరీలు తగ్గించేస్తారా?

బండి పోయిందని పరుగున స్టేషన్‌కు వెళ్తే చాలాచోట్ల ఇప్పటికీ మొదట వినిపించే మాట ఒకటే: ‘చుట్టుపక్కల వెతికావా? రెండ్రోజులు చూసి రా.’ తెల్లకాగితం మీద ఫిర్యాదు తీసుకుంటారు. ఎఫ్ఐఆర్ మాత్రం కట్టరు. ఏడాది చివర నేరాల చిట్టా విప్పి వాహన చోరీలు తగ్గాయని చెప్పుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. రాయని చోరీ అసలు జరగనట్టే లెక్క!

సిబ్బంది చాలడం లేదు, బందోబస్తులకే పొద్దు సరిపోతోంది అన్న మాట నిజమే కావచ్చు. కేసు కట్టకపోవడానికి అది కారణం కాదు. శిక్షార్హమైన, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగ్గ నేరమైతే ఎఫ్ఐఆర్ తప్పనిసరని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టినా చాలు. ‘రేపు రా’ అనే అధికారం ఎవరికీ లేదు.

ఆ రేపటి మూల్యం బాధితుడిదే. బీమా కంపెనీ ఎఫ్ఐఆర్ కాపీ అడుగుతుంది, ఆర్సీ అడుగుతుంది, రెండు తాళాలూ అడుగుతుంది. తమకు ఆలస్యంగా చెప్పారన్న సాకుతో కంపెనీలు క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ ఊరట ఎఫ్ఐఆర్ వెంటనే నమోదైన వారికే. స్టేషన్‌లోనే తిప్పి పంపితే ఆ తీర్పు ఎవరికి పనికొస్తుంది? డెలివరీ పని చేసుకునే కుర్రాడికి బండితోపాటు ఉపాధీ పోతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

చోరీలు రికార్డుకెక్కితే ఏమవుతుందో అమెరికాను చూస్తే తెలుస్తుంది. అక్కడ 1991లో 16 లక్షలు దాటిన వాహన చోరీలు 2014 నాటికి 7 లక్షల లోపుకు దిగాయి. బండి ఒరిజినల్ తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్లు అందులో పెద్ద పాత్ర పోషించాయి. 2023లో మళ్లీ 10 లక్షలు దాటాయి. ఆరా తీస్తే ఆ పరికరం లేకుండా అమ్మిన కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లు దొంగలకు సులువుగా చిక్కుతున్నాయని తేలింది. కంపెనీలు దిగొచ్చి సాఫ్ట్‌వేర్ మార్చాయి. ఏ మోడల్ ఎక్కడ పోయిందో రికార్డుకెక్కింది కాబట్టే వాళ్లను నిలదీయగలిగారు. మన దగ్గర హ్యాండిల్ లాక్ ఒక్క తన్నుకు విరిగిపోతోందని బైకు కంపెనీని అడగాలన్నా ముందు కేసులు కాగితం మీద ఉండాలి కదా?

ముఠా దొరికిన రోజు బైకులు వరుసగా నిలబెట్టి ఫొటోలు దిగే అధికారులను మేం అడిగేది ఒక్కటే. ఆ వరుసలో ఎన్ని బండ్లకు అప్పటిదాకా ఎఫ్ఐఆర్ లేదో అదే ప్రెస్‌మీట్‌లో చెప్పండి. చెప్పే ధైర్యం లేకపోతే, చోరీలు తగ్గాయన్న లెక్కలు మాకు చదివి వినిపించకండి.