నిదానమే ప్రధానం: జార్జియా శాఖ

అమెరికా దక్షిణాది ఊళ్ళలో బతుకు నెమ్మదిగా సాగుతుందనీ, వాటి అందమంతా అందులోనే ఉందనీ అందరూ ఒప్పుకున్న విషయమే. అట్లాంటా శివార్లలో స్థిరపడి, వీకెండ్ వస్తే ఎటు పోవాలో తోచని తెలుగు కుటుంబాల తరఫున నేను ఆ నెమ్మదిని స్వయంగా పరిశీలించి వచ్చాను. జార్జియా రాష్ట్రంలోనే ఉన్న సవానా అనే ఊరికి నాలుగు గంటల డ్రైవ్. నెమ్మదిని చూడ్డానికి గంటకి 80 మైళ్ళ స్పీడుతో పోయామనుకోండి, అది వేరే సంగతి.

దారిలో ఒక చిన్న ఊళ్ళో రోడ్డు పక్కన ఉడకేసిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు, అచ్చం మనవే, ఉప్పు కాస్త ఎక్కువ. ఒక్క పొట్లం కొనడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఏ ఊరు, ఏ చర్చి, పిల్లలెందరు, అమ్మానాన్నలు ఎక్కడుంటారు... చర్చి ఒక్కటి తీసేస్తే మా పెదనాన్నగారి ఊరి బస్టాండులో అడిగే ప్రశ్నలే. కాస్త త్వరగా ఇవ్వమ్మా, చీకటి పడేలోగా చేరాలి అన్నాను. ఆ పెద్దావిడ తియ్యగా నవ్వి "బ్లెస్ యువర్ హార్ట్" అంది. దీవెన అనుకుని పొంగిపోయి థాంక్స్ కూడా చెప్పాను. ఆ మాటని అక్కడ "పాపం, పిచ్చి సన్నాసి" అనే అర్థంలో కూడా వాడతారని సోమవారం ఆఫీసులో తెలిసింది.

ఆ ఊరు దాటబోతుంటే నాలుగు రోడ్ల కూడలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డులు, నాలుగు కార్లు, నలుగురూ చెయ్యి ఊపి ముందు మీరెళ్ళండంటే మీరెళ్ళండని. చివరికి హైదరాబాద్‌లో బండి నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నేనే దూరాను.

సవానాలో నిదానం మనుషుల గుణం అనుకుంటారు గానీ అది టౌన్ ప్లానింగ్. 1733లో ఈ ఊరు కట్టించిన ఓగ్లెథార్ప్ దొర చదరపు తోటల చుట్టూ వీధులు వేయించాడు. ఆ తోటలు తర్వాత 24 అయ్యాయి, ఇప్పుడు 22 మిగిలాయి. నేరుగా పోదామనుకున్న కారు ప్రతి తోట దగ్గరా చుట్టు తిరగాల్సిందే. "తిరుపతిలో కూడా ఇన్ని ప్రదక్షిణలు చేయలేదండీ" అంది మా ఆవిడ.

ఇళ్ళ ముందు వరండాలు, ఊగే కుర్చీలు, పాకంలాంటి స్వీట్ టీ. కొన్ని వరండాల కప్పుకి లేత నీలం రంగు, దెయ్యాలు రాకుండానట. ఆ నమ్మకం గల్లా గీచీ వాళ్ళది, అంటే బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్ల సంతతిది. కుర్చీలో ఊగింది ఒకళ్ళు, టీ మోసుకొచ్చింది ఇంకొకళ్ళు. 1859 మార్చిలో ఒక దొరగారి అప్పులు తీరడానికి, ఊరి అవతల గుర్రప్పందేల మైదానంలో 400 మందికి పైగా మనుషుల్ని వేలం వేశారు. పని రెండు రోజుల్లో అయిపోయింది. అంత చురుగ్గా.

మేమెక్కిన టూరు బండి దెయ్యాలున్నాయనే ప్రతి ఇంటి ముందూ తీరిగ్గా ఆగింది. ఆ మైదానానికి కూడా తీసుకెళ్తారా అని గైడుని అడిగాను.

అంత టైము లేదన్నాడు.