గోస్తనితో పాటు కొండ దిగండి

విదేశాల నుంచి సెలవులకు విశాఖ వెళ్ళిన మన దంపతుల్లో చాలామంది అరకును ఒక్కరోజులో ముగించేస్తున్నారు. మధ్యాహ్నం రద్దీలో బొర్రా గుహలు, సాయంత్రం అరకు, చీకటి పడ్డాక ఘాట్ దిగడం. 115 కిలోమీటర్లే కదా అన్న లెక్క ఇది. ఆ కొండలకు ఇంతకన్నా అన్యాయం లేదు. పెళ్ళిళ్ళకూ పలకరింపులకూ పోయే సెలవుల్లోంచి మీ ఇద్దరికే మూడు రోజులు తీసుకోండి. గోస్తని నది వెంట దిగి రండి.

అనంతగిరి కొండల్లో బొర్రా గుహల గుండా పారే ఆ నది తాటిపూడి జలాశయాన్ని నింపి, పద్మనాభం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రాను తొలిచింది నీరే. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమై సున్నపురాయిని కరిగిస్తుంది. చుక్కలుగా కారినచోట ఆ సున్నమే మళ్ళీ పేరుకుని స్తంభాలు కడుతుంది. చేతి జిడ్డు అంటితే అక్కడ కొత్త పొర సరిగా పట్టదు, అందుకే తాకకూడదు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, జారని బూట్లు వేసుకోండి.

మొదటిరోజు ఉదయం ఆరింటికి బయలుదేరితే పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట (శృంగవరపుకోట)లో టిఫిను. ఇడ్లీతో సరిపెట్టుకుని పెట్రోలు కూడా అక్కడే నింపండి. కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర ఘాట్‌కు అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. కొండమీద సిగ్నలు పోతుంటుంది కనుక మ్యాపు ముందే దించుకోండి, చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. ఆరోజు బొర్రా చూసి రాత్రికి అరకు చేరండి.

రోడ్డుకు కుడిపక్కన నడపడం అలవాటైనవాళ్ళు ఎడమపక్క నడపడం ఈ ఘాట్‌మీద నేర్చుకోకూడదు. దారి తెలిసిన డ్రైవరును పెట్టుకోవడమే మంచిది. మీరే నడిపితే, ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ అదే గేరు. బ్రేకుమీదే కాలుంచి దిగితే ప్యాడ్లు కాగి, కాలిన వాసన వచ్చి, పట్టు తగ్గిపోతుంది. న్యూట్రల్లో అసలు దిగొద్దు. మంచు కమ్మితే హైబీము వెలుగు మీ కళ్ళకే తిరిగి కొడుతుంది, లోబీమే వేయండి. వానాకాలంలో కొండచరియలు పడుతుంటాయి. బయలుదేరేముందు దారి సంగతి కనుక్కోండి.

రెండోరోజు అరకులో తోటలకే కేటాయించండి. నీడచెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటికింద కాఫీ మొక్కలు. పండ్లు కోసే కాలం చలికాలమే. శుక్రవారమైతే సంత చూడకుండా రావద్దు.

మూడోరోజు పొద్దున్నే దిగి తాటిపూడి చూసుకుని, 1794లో విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగిన పద్మనాభం మీదుగా భీమిలికి రండి. నది కలిసేచోట నీటి ఉరవడి ఉంటుంది, స్నానానికి దిగొద్దు. విశాఖ దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం సాయంత్రం ఎండలో ఆగండి. ఇసుకరేణువులకు పట్టిన ఇనుప తుప్పే ఆ ఎరుపు. ఒక్క వానకే కోసుకుపోయే దిబ్బలవి. అంచులెక్కకుండా అడుగున ఉన్న వాగు దారుల్లోనే నడవండి.