వెనుక నడక

మా నువ్వుల చేనులో నా నిలువెత్తు బొమ్మ ఒకటి కలుపు రూపంలో మొలిచింది. విత్తిన 24 గంటల లోపల పెండిమిథాలిన్ 30 శాతం కలుపు మందును ఎకరాకు ఒక లీటరు చొప్పున 200 లీటర్ల నీటిలో కలిపి చల్లాలని చదివాను, కలిపాను, 16 లీటర్ల ట్యాంకును వీపున వేసుకుని చేనులో దిగాను. అంతవరకు అంతా సవ్యంగానే జరిగింది.

వెనుకకు నడుస్తూ పిచికారీ చేయాలని కరపత్రంలో ఉంది. అందుకు కారణం న్యాయమైనదే: ఈ మందు నేల మీద పలుచని పొరగా నిలిచి, మొలకెత్తబోయే కలుపు గింజలను అక్కడే అణచివేస్తుంది కనుక, ఆ పొరను తొక్కి చెదరగొట్టిన చోట కలుపు నిర్భయంగా లేస్తుంది. అయితే ఆ కరపత్రం రాసిన మహానుభావుడు మనిషికి వీపున కళ్లుండవన్న సంగతిని ఎక్కడా పట్టించుకోలేదు. డబ్బాకు అంటించిన కాగితంలోనైనా హెచ్చరిక ఉందేమోనని తరువాత వెతికితే, ఆ అక్షరాల పక్కన నువ్వుగింజ గుమ్మడికాయలా కనిపించింది.

ఏడో సాలులో నా మడమకు మట్టిపెళ్ల తగిలింది. పడటం మామూలుగా క్షణంలో ముగిసే పనే కాని, వీపున నిండు ట్యాంకు ఉన్నవాడి విషయంలో ముందు నీళ్లు పడాలని నిశ్చయించుకుంటాయి, మనిషికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. నేను వెల్లకిలా వాలుతుండగా చేతిలోని గొట్టం పైకి లేచి, కలుపన్నది ఎరుగని ఆకాశానికి శ్రద్ధగా మందు కొట్టింది. తిరగబడిన తాబేలు కాళ్లు కొట్టుకోవడం చూసి ఒకప్పుడు నవ్వినవాడినే. దానికి కనీసం భుజాల మీద పట్టీలు, మెడ కింద వదులైన మూత, ఆ మూతలోంచి కారే పసుపుపచ్చని ద్రావణం లేవని ఆ రోజే గ్రహించాను. గట్టు మీద నిలబడిన మా బావ చేయి అందించకపోగా, "ఎక్కువ కదలకు బావా, మందు పొర చెదిరిపోతుంది" అని సలహా ఇచ్చాడు. శాస్త్రరీత్యా ఆ సలహాలో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడమే నన్ను ఇప్పటికీ మండిస్తున్నది.

మూడుసార్లు సబ్బుతో స్నానం చేశాను. చొక్కా మాత్రం పసుపు వదలలేదు.

ఇది 20వ రోజు. చేనంతా శుభ్రంగా ఉంది, నేను కాళ్లు కొట్టుకున్న చోట తప్ప. కుడికాలు పొడవునా ఊదగడ్డి, ఎడమకాలు పొడవునా గునుగు మొలిచాయి. కుడికాలికి చికిత్స ఉంది: క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం మందును ఎకరాకు 400 మిల్లీలీటర్ల లెక్కన చల్లితే గడ్డిజాతి చస్తుంది, నువ్వుకు హాని ఉండదు. ఎడమకాలికి ఆ భాగ్యం లేదు, ఎందుకంటే నువ్వు కూడా గునుగులాగే వెడల్పాకు మొక్క కావడంతో, దాన్ని చంపే మందు దీన్నీ వదలదు. ఇక ట్యాంకు ఒలికిన తల భాగంలో మోతాదు మితిమీరి, కలుపూ లేదు, నువ్వూ లేదు.

మా బావ నోట్లో నువ్వుగింజ నానదు. అందువల్ల ఈ మధ్యాహ్నం నేను నా ఎడమకాలిని చేత్తో పీకుతూ కూర్చోగా, అతడు గట్టు మీద నిలబడి, వచ్చినవారందరికీ నా తల ఎక్కడ ఉండవలసిందో వేలు పెట్టి చూపిస్తున్నాడు.