మెడ విరిగితే ఆపరేషన్ వద్దంటున్న మెసేజ్‌కి జవాబు

"ప్రమాదంలో మెడ ఎముక విరిగితే ఆపరేషన్ చేయించొద్దు, కాళ్లూ చేతులూ పడిపోతాయి. కాలర్ పెట్టి, మెడ మెల్లగా లాగించి సరిచేయిస్తే చాలు. ప్లేట్లు వేస్తే మెడ ఇక తిరగదు." ఈ మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఐసీయూ బయట సంతకం పెట్టాలా వద్దా అని నలిగిపోతున్న కుటుంబం చేతికి ఇదే అందితే ఏమవుతుందోనని నా భయం.

ముందు పెద్ద ఆరోపణ సంగతి. మెడలోని ఏడు పూసల మధ్య సన్నటి దారిలో వెన్నుపాము కిందికి దిగుతుంది. దాని లావు చిటికెన వేలంత. పూస పగిలి ముక్క లోపలికి గుచ్చుకున్నా, ఒక పూస ఇంకోదాని మీద నుంచి ముందుకు జారినా నలిగేది అదే. చాలామందికి చేతులూ కాళ్లూ చచ్చుబడేది దెబ్బ తగిలిన ఆ క్షణంలోనే. ఆ తర్వాత వాపు పెరిగి, రక్తం అందక, మిగిలిన నరాలు కూడా దెబ్బతింటాయి. ఆ ఒత్తిడి తీసేసి, కదిలిపోతున్న పూసలను ప్లేటు, స్క్రూలతో నిలబెట్టడానికే ఆపరేషన్. పడిపోయిన చేతులతో లోపలికి వెళ్లిన మనిషి అలాగే బయటికొస్తే నింద ఆపరేషన్ మీద పడుతోంది.

2012లో వచ్చిన ఒక అధ్యయనంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న 313 మందిని చూశారు. ఆరు నెలల తర్వాత పరీక్షకు వచ్చినవాళ్లలో, 24 గంటల లోపు ఆపరేషన్ అయినవాళ్లు 19.8 శాతం మంది, వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో కొలిచే స్కేలులో రెండు మెట్లు లేదా అంతకన్నా ఎక్కువ కోలుకున్నారు. ఆలస్యమైనవాళ్లలో అది 8.8 శాతమే. లాటరీ వేసినట్టు విడదీసిన గుంపులు కావు కాబట్టి ఇదే చివరి మాట అనను. కానీ ఆగితే మంచిదన్న వాదనకు ఇది పూర్తిగా ఎదురు. ఆపరేషన్‌లో రిస్క్ లేదా? ఉంది. గొంతు బొంగురుపోవడం, కొన్నాళ్లు మింగడం కష్టమవడం, ఇన్ఫెక్షన్, అరుదుగా నరాలకు దెబ్బ. వాటిని డాక్టర్ ముందే చెప్పాలి.

"కాలర్ చాలు" అన్నదాంట్లో సగం నిజం ఉంది. మొదటి పూస విరిగినా దాన్ని పట్టుకునే లిగమెంట్ తెగకపోతే చాలామందికి కాలర్‌తోనే అతుక్కుంటుంది. కానీ రెండు వైపులా కీళ్లు తప్పి పూస జారినప్పుడు కాలర్ దాన్ని ఆపలేదు. తెగిన లిగమెంట్ ఎముకలా అతుక్కోదు. రెండో పూస పైకి పొడుచుకొచ్చిన పన్నులాంటి భాగం దాని మొదలు దగ్గర విరిగితే, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లలో, అతుక్కోకుండా ఉండిపోయేది ఎక్కువ.

ఇక లాగించడం. ఇదే నాకు అన్నిటికంటే భయం. డాక్టర్లూ లాగుతారు, నిజమే. కానీ పుర్రెకు పట్టు బిగించి, బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ ఎక్స్‌రే తీస్తూ, చేతులూ కాళ్లూ కదులుతున్నాయో లేదో చూస్తూ చేస్తారు. ఏ పూస ఎటు జారిందో తెలియకుండా చేత్తో లాగితే, అప్పటిదాకా నడిచిన మనిషికే వెన్నుపాము నలిగిపోవచ్చు. మూడు, నాలుగు, ఐదో మెడ నరాలే ఊపిరి తీయించే డయాఫ్రమ్‌ని నడుపుతాయి. అక్కడ నలిగితే శ్వాసే ఆగొచ్చు.

మెడ తిరగదన్న మాట? కింది పూసల్లో ఒక్క జత కలిపితే చాలామందికి తేడా పెద్దగా తెలియదు. మొదటి రెండు పూసలను కలిపితే మాత్రం తల తిప్పడంలో దాదాపు సగం పోతుంది.

సంతకానికి ముందు డాక్టర్‌ని అడగండి: పూసలు నిలకడగా ఉన్నాయా, లిగమెంట్ తెగిందా, వెన్నుపాము మీద ఒత్తిడి ఉందా, ఆగితే ఏమవుతుంది?