గ్యాస్ లీకయితే పల్లంలో పడుకోమంటారా?

"గ్యాస్ ట్యాంకరు బోల్తా పడితే ప్రాణాలు కాపాడే నాలుగు సూత్రాలు" అన్న వాట్సాప్ సందేశం ఈ నెలలో నాకు ఏడుసార్లు వచ్చింది. పంపినవారంతా నా మేలు కోరేవారే. అయినా రెండో సూత్రాన్ని నమ్మినవారు చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు కనుక ఇక ఊరుకోలేకపోతున్నాను.

"గ్యాస్ తేలిక కాబట్టి పైకి పోతుంది, రోడ్డు పక్క పల్లంలో బోర్లా పడుకోండి, లేదా కారు అద్దాలు బిగించి కూర్చోండి" అంటుంది ఆ సూత్రం. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. ట్యాంకులో ద్రవంగా ఉన్నది బయటపడగానే దాదాపు 250 రెట్లు వ్యాపించి, తెల్లని పొగమంచులా నేలబారున పాకుతూ ముందుగా దిగేది ఆ పల్లంలోకే. గాలిలో రెండు శాతం కలిసినా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్ దగ్గరి భాంక్రోటాలో యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకరును లారీ ఢీకొన్నప్పుడు, రోడ్డంతా పరుచుకున్న గ్యాస్ అంటుకుని చుట్టుపక్కల వాహనాల్లో ఉన్నవారిలో కొందరు ఉన్నచోటే కాలిపోయారు. అద్దాలు వారిని కాపాడాయా? ఇది తెలిసీ మనవాళ్ళకు పల్లంలో పడుకోమని ఎలా చెబుతాం? ఇంజను ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయకుండా, దిగి, గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు, వీలైతే మెరకకు, నడిచి దూరంగా పోవాలి.

తడి గోనెసంచితో లీకు మూయమన్న మొదటి సూత్రం, బయటపడే ద్రవం అతి చల్లన కనుక, చేతులు గడ్డకట్టించుకోవడానికే పనికొస్తుంది. సెల్‌ఫోన్ ఆపమన్న మూడో సూత్రంతో పేచీ లేదు. దూరం వెళ్ళాక మాత్రం 112కు ఫోన్ చేయాలి కదా.

నాలుగోది, "ట్యాంకరు మీద రాసిన అంకెలు ఎవరికీ పనికిరావు" అన్నది. 1075 అంటే ఎల్పీజీ, 1203 అంటే పెట్రోలు. ఆ నాలుగంకెలు ఫోన్‌లో చెబితే, వచ్చే అగ్నిమాపక సిబ్బంది నురుగుతో రావాలో, ట్యాంకును చల్లబరిచే నీటితో రావాలో ముందే తెలుసుకుంటారు. ట్యాంకరు మీద ఆ అంకెలున్న బోర్డు ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి.

అయితే ఇక్కడ సందేశం రాసినవారితో కొంత ఏకీభవించక తప్పదు. పోయిన నెల పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఒక దాబా ముందు ఆగిన ట్యాంకరు బోర్డును వంగి చూస్తే, మట్టి పేరుకుని ఒక్క అంకె కూడా కనిపించలేదు. డ్రైవరు భుజం మీది తువ్వాలుతో తుడుస్తూ, "ఇన్నేళ్ళలో దీని గురించి అడిగింది మీరే సార్" అన్నాడు. 1075 బయటపడింది. దాని కింద అత్యవసర ఫోన్ నంబరులో చివరి మూడంకెలు మాత్రం పెయింటు రాలిపోయి, ఎంత తుడిచినా రాలేదు.