తాతల నెయ్యి, తాతల తప్పు

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనేవాళ్లకు ఇక గడ్డుకాలమే. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే మా బృందంలో అలాంటి మూతులు నాలుగున్నాయి. ఒకాయన వంశం విజయనగర సేనాధిపతితో మొదలవుతుంది. ఇంకొకాయనది సరాసరి ఋషితోనే. గుర్రాలకు గడ్డి వేసినవాడు మాత్రం ఎవరి వంశంలోనూ లేడు. పాపం, ఆ గుర్రాలు ఎలా బతికాయో!

అందుకే నేనొక ప్రతిపాదన చేశాను. వంశానికి రుజువు కావాలంటే జబ్బు చూపించాలి.

ముప్పయ్యేళ్లు పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ని. ఇద్దరు కుర్రాళ్లు "అశోకుడు చెట్లు నాటించెను" అని రాస్తే ఏమీ తేలదు. ఇద్దరూ "నరికించెను" అని రాశారా, ఒకే బెంచీ! జన్యు శాస్త్రవేత్తలదీ ఇదే పద్ధతి. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బులో, రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ జన్యు రాతలో మారేది ఒక్క అక్షరం. దాని చుట్టూ ఉన్న డీఎన్ఏ గుర్తులను బట్టి బెనిన్, సెనెగల్, కామెరూన్, బంటు, అరబ్-ఇండియన్ అని రకాలు కట్టారు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది చివరిది. సౌదీ తూర్పు ప్రాంతంలోనూ అదే. అరేబియా సముద్రానికి అటూ ఇటూ ఒకే బెంచీ అన్నమాట.

ఈ తప్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే జబ్బు; ఒక్కరి నుంచే వస్తే ప్రాణాంతక మలేరియా నుంచి కాపు కాస్తుంది. అందుకే మలేరియా తిష్ట వేసిన చోట నిలిచింది. మన పాడేరు మన్యంలోనూ ఉంది. వంశం గొప్ప ఎన్నడూ చెప్పుకోని కొండవాళ్ల రక్తంలో అంత పాత దస్తావేజు ఉంటే, మా సేనాధిపతిగారి దగ్గర ఒక్క కాగితమైనా లేదు.

ఆయన నిరాశపడనక్కర్లేదు. గుండె కండరపు జన్యువొకదానిలో 25 అక్షరాలు ఎగిరిపోయి, గుండె జబ్బుకు దారితీసే తప్పు దక్షిణాసియాలో సుమారు నూటికి నలుగురికి ఉందని 2009లో తేలింది. చాలామందిలో అది పెళ్లయి, పిల్లలు పుట్టి, మనవలను ఎత్తుకునే దాకా నోరు మెదపదు. ఈలోగా తర్వాతి తరానికి చేరిపోయి ఉంటుంది. మన పెళ్లిళ్ల పేరయ్యలకు లేని ఓపిక!

ఇక మేనరికాలు. పొలం బయటికి పోకూడదని చేసుకున్నాం. పొలం ప్లాట్లయిపోయింది. తాత తప్పు మాత్రం అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ నడిచొచ్చి మనవడి దగ్గర కలుసుకుంటోంది.

ఇదంతా విని సేనాధిపతిగారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు: "మాస్టారూ, మా ఇంటికి తగ్గది, కాస్త గౌరవమైన జబ్బు ఏదైనా ఉందంటారా?"