చాయ్‌లో మునిగిన పాయింట్ గార్డ్

పోయిన ఆదివారం పొద్దున 7 గంటల 40 నిమిషాలకు, హనుమకొండలో మా కాలనీ గ్రౌండ్ పక్కనున్న చాయ్ బండి దగ్గర ఒక పదిహేడేళ్ల పిల్లవాడి మీద విచారణ ముగిసింది. నేరం: ఆఖరి క్షణంలో బాల్ పాస్ ఇవ్వడం. అంతకుముందు ఆదివారం కూడా అదే బండి దగ్గర, అదే బల్ల ముందు, అదే పిల్లవాడు దోషిగా తేలాడు. అప్పటి నేరం: ఆఖరి క్షణంలో బాల్ పాస్ ఇవ్వకపోవడం. రెండు తీర్పులూ ఇచ్చింది ఒకే పెద్దమనిషి, మేమంతా సారు అని పిలిచే ఆయన. రెండుసార్లూ చాయ్ తాగింది ఆయన, పైసలు కట్టింది నేను.

న్యాయస్థానాలంటే నాకు గౌరవం కాబట్టి కేసు వివరాలు దాచకుండా చెబుతాను. ఆ పిల్లవాడు మా కాలనీ బాస్కెట్‌బాల్ జట్టుకు పాయింట్ గార్డ్. అంటే బాల్ పట్టుకుని ముందుకు వచ్చేవాడు, ఎవరెక్కడ నిలబడాలో వేలు చూపించేవాడు, ఓడిపోతే తిట్లు తినేవాడు. మూడో పని రూల్ బుక్కులో లేదు గానీ మా దగ్గర అసలు పని అదే. మొదటి ఆదివారం కాజీపేట నుంచి వచ్చిన పిల్లలతో ఆట. మావాళ్లు ఒక్క పాయింట్ వెనక, ఇంకా ఐదు సెకన్లు. మనవాడు ఇద్దరిని తప్పించుకుని తనే కొట్టాడు. బాల్ రింగు మీద ఒక ప్రదక్షిణ చేసి, భద్రకాళి గుడికి వచ్చిన భక్తుడిలా ప్రశాంతంగా బయటికి వెళ్లిపోయింది. "పక్కన పోరడు ఖాళీగ నిలబడె గదరా! ఒక్కనివే ఆడుకునేటట్టయితె ఇంట్ల గోడ లేదా?" అన్నారు సారు.

రెండో ఆదివారం మళ్లీ ఒక్క పాయింటే వెనక, మళ్లీ ఐదారు సెకన్లే. (సాక్ష్యం ఇంత నీట్‌గా అమర్చాడంటే దేవుడు కూడా సారు పక్షమే అనిపిస్తుంది.) ఈసారి ఇద్దరు మీదపడగానే మనవాడు రింగు కింద ఖాళీగా ఉన్నవాడికి బాల్ అందించాడు. వాడు కొట్టింది రింగు సంగతి అటుంచి బోర్డుకు కూడా తగల్లేదు. "నీ చేతిలున్న బాల్ వానికెందుకిచ్చినవ్‌రా? స్టార్‌వి నువ్వా, వాడా?" అన్నారు అదే సారు.

ఈ సారును మీరెరుగుదురు. మీ కాలనీలోనూ ఒకరుంటారు. తెల్లటి స్పోర్ట్స్ షూ, దానికి ఏనాడూ మట్టి అంటదు. మా వరంగల్ చపాట మిర్చికి ఈ మధ్యే జీఐ గుర్తింపు వచ్చింది కదా, రంగు చూస్తే నిప్పులా ఉంటుంది, కొరికితే పెద్దగా కారం ఉండదు. సారు మాటా అంతే, కాకపోతే ఆయనకు గుర్తింపు రావడం ఆలస్యమవుతోంది.

ఆయన సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. ఏ ఆఫీసో చెప్పను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క ఫైలు మీద కూడా సొంతంగా నిర్ణయం తీసుకోలేదని ఆయనే గర్వంగా చెప్పుకుంటారు. అన్నీ 'పై అధికారుల పరిశీలన నిమిత్తం' పైకి, లేదా 'సమగ్ర నివేదిక నిమిత్తం' కిందికి. అమెరికాలో యూటా జాజ్ జట్టుకు జాన్ స్టాక్టన్ అని పాయింట్ గార్డ్ ఉండేవాడు. 19 సీజన్లు ఆడి 15,806 అసిస్టులు ఇచ్చాడు, ఎన్‌బీఏలో, అంటే అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఆ లెక్కను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. మా సారు ఫైళ్లు లెక్కపెడితే స్టాక్టన్ రెండో స్థానానికి దిగాల్సిందే. కానీ ఒక చిక్కుంది. పాస్ ఇవ్వగానే అసిస్ట్ అయిపోదు. అందుకున్నవాడు బాస్కెట్ వేస్తేనే ఇచ్చినవాడి ఖాతాలో పడుతుంది. ఆ లెక్కన సారు సర్వీసు మొత్తానికి అసిస్టులు సున్నా.

ఇంకో సంగతి. ఈ ఆటలో బాల్ చేతికొచ్చాక 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో రింగుకు కొట్టాలి. గ్రౌండ్‌లో లైట్లు పెట్టమని మేమిచ్చిన దరఖాస్తు రెండేళ్లయినా ఇంకా సగం గీత దగ్గరే ఉంది, ఎవరూ విజిల్ వేయలేదు.

సారుకు ఎన్‌బీఏ కూడా తెలుసు. 2025 ఫైనల్స్‌ను వాకింగ్ చేస్తూ ఫోన్‌లో చూశారు, అక్కడి రాత్రి మనకు పొద్దున ఆరు గంటల వేళ కాబట్టి. ఆ ఫైనల్స్ మా చాయ్ బండి పంచాయితీ కోసమే పెట్టినట్టుండె. ఒకపక్క ఓక్లహోమా సిటీ థండర్, అందులో షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్, ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 32.7 పాయింట్లు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ఇంకోపక్క ఇండియానా పేసర్స్, అందులో టైరీస్ హాలిబర్టన్, బాల్ చేతికి రాగానే ముందు పక్కవాళ్లను వెతికే రకం. మొదటి మ్యాచ్‌లో 0.3 సెకన్లు మిగిలి ఉండగా హాలిబర్టన్ తనే కొట్టి 111-110తో గెలిపించాడు. "గట్లుండాలె. ఎవల్నన్న అడిగి కొడతరా?" అన్నారు సారు. ఐదో మ్యాచ్‌లో పిక్క పట్టేసి కుంటుతూ ఆడాడు, 4 పాయింట్లే వచ్చాయి. "భయస్తుడు. పాస్‌ల పేరు చెప్పి దాక్కుంటుండు." ఏడో మ్యాచ్‌లో అదే కాలితో దిగాడు. మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీలు (దూరం నుంచి కొట్టే మూడేసి పాయింట్ల షాట్లు) కొట్టాడు, అంతలోనే మడమ వెనక నరం తెగి కుప్పకూలి, అరచేత్తో నేలను బాదుకున్నాడు. అప్పుడు సారు మోకాలి పట్టీ సరిచేసుకుంటూ "ఫిట్‌నెస్ లేదు" అన్నారు.

థండర్ 4-3తో గెలిచింది. స్టార్ అన్నవాడు తనే కొట్టాలనేది ఆ పూటకు సారు సిద్ధాంతం. ఆ ఏడో మ్యాచ్‌లో షాయ్ 29 పాయింట్లతో పాటు 12 అసిస్టులు కూడా ఇచ్చాడని నేను గుర్తుచేశాను. చాయ్‌లో చక్కెర తక్కువైందన్నారు.

రెండూ చేసినవాడు ఉన్నాడని ఇంకోరోజు చెప్పి చూశాను. నేట్ ఆర్చిబాల్డ్, 1972-73 సీజన్‌లో పాయింట్లలోనూ అసిస్టుల్లోనూ లీగ్‌కు అతనే ఫస్ట్, 34 పాయింట్లు, 11.4 అసిస్టులు. సారు కళ్లు చిన్నవి చేసి "టీమ్ గెలిచిందా?" అన్నారు. "లేదు సార్, ప్లేఆఫ్స్‌కే పోలే." "మరి? రెండు పడవల మీద కాళ్లు పెడితె గట్లనే అయితది." ఇక నేను 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట కనిపెట్టినప్పుడు బాల్ పట్టుకుని పరుగెత్తడమే నిషేధమని, పట్టుకున్న చోటినుంచే ఇంకొకరికి వేయాలని, జట్టుకు 9 మంది చొప్పున ఆడిన ఆ తొలి ఆట మొత్తానికి ఒకే ఒక్క బాస్కెట్ పడిందని చెప్పాను. సారు ముఖం వికసించింది. తన ఆఫీసు గుర్తొచ్చి ఉంటుంది.

ఇప్పుడు బిస్కెట్ల ఉదంతం చెప్పాలి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మొన్నటి విచారణలో, అసలు ఆ క్షణంలో ఏం చేయాల్సిందో శాస్త్రీయంగా చూపిస్తానని సారు ఐదు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. బల్ల కోర్టు. చక్కెర డబ్బా రింగు. అగ్గిపెట్టె బాల్. ఎదుటి జట్టుగా ఐదు సమోసాలు అడిగారు గానీ బండాయన "ఇంక కాల్వలే సార్" అనడంతో ఖాళీ చాయ్ కప్పులతో సర్దుకున్నారు. అంచు కాస్త మాడిన బిస్కెట్‌ను తీసి మధ్యలో పెట్టి "వీడు మనోడు" అన్నారు. రంగును బట్టి ఎంపిక జరిగిందేమోనని నాకు అనుమానం వచ్చింది, అడగలేదు.

"వీడు ఇట్లొస్తడు. ఇద్దరు మీద పడతరు." రెండు కప్పులు జరిగాయి. "ఇప్పుడు వీడేం జెయ్యాలె?"

బెంచీ మీదున్న నలుగురం ఊపిరి బిగబట్టాం. లెక్కల మాస్టారు ధైర్యం చేసి "పాస్ ఇయ్యాలె" అన్నారు.

"ఎవనికి?"

"ఆ మూలకున్న బిస్కెట్‌కు."

"అది ఇరిగున్నది, కనబడ్తలేదా?"

మెడికల్ షాపాయన "అయితె కొట్టాలె" అన్నాడు.

"ఇద్దరు మీదుండంగ ఎట్ల కొడతడయ్యా?"

అందరం ఆలోచనలో పడ్డాం. సారు ఇంకా లోతుగా పడ్డారు. ఆ లోతులో ఆయన చెయ్యి దానంతటదే కదిలింది. పాయింట్ గార్డ్‌ను నడుందాకా చాయ్‌లో ముంచి, ఒక క్షణం నాననిచ్చి, నోట్లో వేసుకున్నారు.

ఎవరూ మాట్లాడలేదు. అగ్గిపెట్టె ఒక్కటే కోర్టు మధ్యలో ఉండిపోయింది. "సార్, పాయింట్ గార్డ్..." అన్నాను. ఆయన నమలడం ఆపకుండా "గదే జెప్తున్న. అసలు వాడు లేకుండ గూడ ఆడొచ్చు" అన్నారు. దాంతో మిగిలిన నలుగురిలో స్టార్ ఎవరనే చర్చ మొదలైంది. లెక్కల మాస్టారు విరిగిన బిస్కెట్ పేరు ప్రతిపాదించారు, ఎవరూ బలపరచలేదు. ఎడమవైపు బిస్కెట్‌కు బాధ్యతలు అప్పగించారు, రెండు నిమిషాల్లో దానికీ ముందటివాడి గతే పట్టింది. ఏడున్నరకల్లా జట్టు మొత్తంలో విరిగిన బిస్కెట్ ఒక్కటే మిగిలింది, బల్ల అంచున చీమలు సబ్‌స్టిట్యూట్లుగా వార్మప్ చేస్తున్నాయి. సారు ఆ బిస్కెట్‌ను తీసి కుక్కకు విసిరారు. ఆ రోజు మొత్తంలో పాస్‌ను సరిగ్గా అందుకున్నది ఆ కుక్కే.

తర్వాత పది నిమిషాలకు తీర్పు వచ్చింది. పాయింట్ గార్డ్‌దే తప్పు.

రింగు కింద మిస్ చేసిన పిల్లవాడి గురించి మాత్రం ఆ బెంచీ మీద ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. వాడు వాళ్లన్న బూట్లు వేసుకొస్తాడు, ముందు భాగంలో న్యూస్‌పేపర్ కుక్కి. ఆటయ్యాక కూడా చాలాసేపు అక్కడే వంగి చీలమండ పట్టుకుని కూర్చున్నాడు. అందరూ లేచి వెళ్లాక నేను కోర్టులోకి దిగి చూశాను. రింగుకు రెండడుగుల దూరంలో, కుడివైపు, సిమెంటులో ఒక గుంత. నా పిడికిలి పట్టేంత వెడల్పు, నాలుగు వేళ్ల లోతు. లోపల ఇసుక, ఒక తాడు ముక్క, ఎండిపోయిన బంతిపూల రేకులు. టెంటు గుంజ పాతిన గుంత అది. అలాంటివి కోర్టులో పద్నాలుగు లెక్కపెట్టాను. కాకతీయులు వేయి స్తంభాలు నిలబెట్టి మనకో గుడి ఇచ్చిపోయారు, మనం పద్నాలుగు గుంజలు పాతి పిల్లలకు పద్నాలుగు గుంతలు ఇచ్చాం.

మూడు వారాల కింద ఆ కోర్టులో జరిగింది మా సారు మనవడి ధోతి ఫంక్షన్. నేనూ పోయాను. బగారా అన్నం తిని, కవరు చేతిలో పెట్టి, ఫోటో దిగి వచ్చాను.

పాస్ సరిగ్గానే వచ్చింది సార్. వాడు ఖాళీగానే ఉన్నాడు. వాడి కాలు మీరు తవ్వించిన గుంతలో పడింది. ఎవడు కొట్టాలె, ఎవడు పాస్ ఇయ్యాలె అని పొద్దున్నే అడుగుతున్నారు కదా, ముందు ఈ కోర్టును ఏడాదిలో ఎన్ని రోజులు పిల్లలకు వదిలారో చెప్పండి. పెళ్లిళ్ల కాలమంతా టెంట్లు. వినాయక చవితికి మండపం. మిగిలిన రోజుల్లో మీ అల్లుడి కారు. కాలనీ మొత్తానికి ఒక్క బాల్, దాన్ని గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అడిగితే "చదువుకునే పోరలకు ఆటలెందుకు" అంటారు. రింగుకు నెట్ కొందామంటే రెండు వందలు ఇవ్వలేదు మీరు. ఆ నలుగురు పిల్లలకు బాల్ ఎలా అందుకోవాలో చూపించిన మనిషి ఒక్కడు లేడు. మీరు చూపించలేదు, నేనూ చూపించలేదు. పేపర్ కుక్కిన బూట్ల పిల్లవాడిని నమ్మి, ఓడితే తిట్లు తనకే పడతాయని తెలిసి కూడా, వాడి చేతికి ఏదైనా ఇచ్చింది ఈ కాలనీలో ఆ పదిహేడేళ్ల పోరడొక్కడే. వాడి మీదా మీ విచారణ? సిగ్గుండాలి. బగారా అన్నం తిన్న నాకు కూడా.

ఇదంతా మర్నాడు సారు ముఖం మీదే అనేద్దామని వెళ్లాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "సార్, కోర్టుల గుంతలున్నయి" అనే మూడు మాటలు.

"ఉన్నయి మరి," అన్నారు సారు. "అందుకేగా అంటున్న. గుంత కాడ నిలబడ్డోనికి ఎవడన్న పాస్ ఇస్తడా?"

ఈ రోజు పొద్దున ఇంకా మసక చీకటిగానే ఉంది. కోర్టులో వాళ్లిద్దరే ఉన్నారు. బాల్ ఎక్కడినుంచి తెచ్చారో తెలియదు, గాలి సగమే ఉంది, నేలకు కొడితే మోకాలి దాకా కూడా లేవడం లేదు. గుంతలో ఎవరో కంకర పోసి, పైన గోనె సంచి ముక్క పరిచారు. మొదటివాడు పాస్ ఇస్తున్నాడు, రెండోవాడు ఒకడుగు గుంతకు ఇవతల దిగి కొడుతున్నాడు. మళ్లీ పాస్. మళ్లీ అదే చోటు. నేను నిలబడి చూసినంతసేపట్లో ఏడు పడ్డాయి, పదకొండు పోయాయి.

వాకింగ్ ట్రాక్ మీదినుంచి కేక వినబడింది. "ఎన్నిసార్లు ఇస్తవ్‌రా వానికి? నువ్వు కొట్టు!"

కేకేసిన సారు చాయ్ బండి దగ్గరికి వచ్చి, నా పక్కన కూర్చుని, ఐదు బిస్కెట్లు చెప్పారు. నేను నా చాయ్‌కు మాత్రం పది రూపాయలు బల్ల మీద పెట్టి లేచాను.